నాన్నగారికి నర్సు కావాలా, కేర్‌టేకర్ కావాలా?

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇదీ. విజయవాడలో అమ్మానాన్నలు ఇద్దరే ఉంటున్నారు. నాన్నగారికి 81 ఏళ్లు, కొన్నేళ్లుగా పార్కిన్సన్స్ (కదలికలు నెమ్మదించే నరాల జబ్బు) ఉంది. పోయిన నెల తెల్లవారుజామున బాత్రూం గుమ్మం దగ్గర పడ్డారు. అదృష్టవశాత్తూ ఎముక విరగలేదు. అమ్మగారికి 74, మోకాళ్ల నొప్పులు, ఆయనను లేపి నిలబెట్టే శక్తి లేదు. మీరు డాలస్‌లో, మీ చెల్లెలు బెంగళూరులో. ఏజెన్సీకి ఫోన్ చేస్తే "నర్సు కావాలా, కేర్‌టేకర్ కావాలా? 12 గంటలా, 24 గంటలా?" అని అడిగారు. ఏం చెప్పాలో మీకు తోచలేదు. అమ్మగారేమో పరాయి మనిషిని ఇంట్లో పెట్టుకోనంటున్నారు. ఏదైనా మంచి ఏజెన్సీ పేరు చెప్పమన్నారు.

నేను ఆస్పత్రిలో నర్సింగ్ సూపర్‌వైజర్‌గా పనిచేశాను. రిటైరైనప్పటి నుంచి ఇళ్లలో పెద్దవాళ్లను చూసుకునే కేర్‌టేకర్లకు శిక్షణ ఇస్తున్నాను, వాళ్లు పనిచేసే ఇళ్లకు వెళ్లి చూస్తుంటాను. నా అనుభవంలో ఏజెన్సీ పేరు అన్నిటికన్నా చివర తేల్చవలసిన సంగతి. మీ నాన్నగారికి రోజులో ఏ వేళ ఏ సాయం కావాలి? ఆ సాయం సరిగా అందుతోందో లేదో ఎవరు చూస్తారు? ఈ రెండూ తేలితే ఓ మోస్తరు ఏజెన్సీతోనైనా పని నడుస్తుంది. తేలకపోతే ఎంత పేరున్న సంస్థ పంపినా నెల తిరిగేలోగా మనిషి మారుతుంటారు, మీ అమ్మగారు ప్రతిసారీ మొదటినుంచి చెప్పుకోవలసి వస్తుంది.

నర్సు, కేర్‌టేకర్ తేడా తేలిగ్గానే చెప్పవచ్చు. నర్సు అంటే ఏఎన్‌ఎం, జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్‌లలో ఏదో ఒకటి చదివి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదైన వ్యక్తి. ఇంజెక్షన్, సెలైన్, కెథెటర్ (మూత్రం పోవడానికి పెట్టే గొట్టం) వేయడం, మార్చడం, ముక్కులోంచి ఆహారపు గొట్టం దించడం, లోతైన పుండుకు కట్టు కట్టడం నర్సు పనులు. కేర్‌టేకర్ లేదా అటెండెంట్ చేసేది వైద్యం కాదు. లేపడం, కూర్చోబెట్టడం, నడిపించడం, స్నానం, బట్టలు మార్చడం, టాయిలెట్‌కు తీసుకెళ్లడం, డైపర్ మార్చడం, తినిపించడం, డబ్బాలో సర్దిపెట్టిన మాత్రలు వేళకు అందించడం, మంచాన ఉన్నవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, మాట్లాడుతూ తోడుగా ఉండడం. కెథెటర్ సంచి నిండితే ఖాళీ చేసి ఎంత వచ్చిందో రాయడం కేర్‌టేకర్ పని, కెథెటర్ మార్చడం కాదు. వేలి చివర సూదితో సుగర్ చూసి పుస్తకంలో రాయవచ్చు, ఇన్సులిన్ ఎంత వేయాలో నిర్ణయించడం మాత్రం ఆ చేతుల్లో ఉండకూడదు.

మీరు చెప్పినదాని ప్రకారం మీ నాన్నగారికి గొట్టాలు లేవు, పుండ్లు లేవు, ఇంజెక్షన్లు లేవు. నర్సు అక్కర్లేదు. పని తెలిసిన అటెండెంట్ కావాలి. ఎవరైనా నర్సునే పంపుతామంటే కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. పదో తరగతి అయ్యాక కొన్నాళ్లు ఆస్పత్రిలో ఆయాగా చేసిన అమ్మాయిని నర్సు పేరుతో పంపి, నర్సు రేటు వసూలు చేసేవాళ్లు ఉన్నారు. అటెండెంట్లకు అలాంటి కౌన్సిల్ లేదు. హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ కింద జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ హెల్త్ ఎయిడ్ అనే కోర్సులున్నాయి. సర్టిఫికెట్ ఉంటే మంచిదే, కానీ నేను కాగితం కన్నా చేతులను ఎక్కువ నమ్ముతాను. వచ్చిన మనిషిని మీ చెల్లెలి ముందు ఒక్క పని చేసి చూపించమనండి: మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చడం. చంకల్లో చేతులు పెట్టి పైకి లాగబోతే ఆ మనిషికి పని రాదు. పని వచ్చినవాడు ముందు కుర్చీని మంచానికి దగ్గరగా జరుపుతాడు, చక్రాలుంటే బ్రేకు వేస్తాడు. పెద్దాయన పాదాలు రెండూ నేలకు ఆనాయో లేదో చూస్తాడు. తన మోకాళ్లు వంచి, ఆయనను నడుము దగ్గర పట్టుకుని, "తాతగారూ, కాస్త ముందుకు వంగండి, మూడు అనగానే లేద్దాం" అని చెప్పి, ఆయన సొంత బలంతో లేచేదాకా ఆగుతాడు. ఆ ఒక్క నిమిషంలో అంతా తెలిసిపోతుంది.

ఇక గంటల సంగతి. ఏజెన్సీ మీకు గంటలు అమ్ముతుంది కాబట్టి మీకు ఏ గంటలు కావాలో మీకే తెలియాలి. దీనికి వృద్ధుల వైద్యంలో చాలాకాలంగా ఉన్న పద్ధతి ఒకటుంది. 1963లో అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్ తన సహచరులతో కలిసి మనిషి ఎంతవరకు స్వతంత్రంగా ఉన్నాడో కొలవడానికి ఆరు పనులు చూశాడు: స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కు వెళ్లడం, మంచం నుంచి కుర్చీకి మారడం, మలమూత్రాల మీద అదుపు, తినడం. 1969లో లాటన్, బ్రోడీ అనే పరిశోధకులు దీనికి ఇల్లు నడుపుకునే పనుల కొలత జోడించారు: ఫోను, కొనుగోళ్లు, వంట, ఇంటి పని, బట్టలు ఉతకడం, ప్రయాణం, మందులు, డబ్బు. మీ చెల్లెలు వెళ్లి ఓ మూడు రోజులు ఇంట్లో ఉండి ఏమీ మార్చకుండా గమనించాలి. ఒక కాగితం మీద నిద్రలేచిన వేళ నుంచి మళ్లీ నిద్రలేచే వేళ దాకా గంటలు వేసి, ప్రతి పని పక్కనా మూడింటిలో ఒకటి రాయాలి: తానే చేసుకున్నారు, పక్కన మనిషి ఉంటే చేసుకున్నారు, చేయించవలసి వచ్చింది. రాత్రి ఎన్నిసార్లు లేచారో తప్పకుండా రాయాలి. ఇది మీ అమ్మగారిని అడిగితే రాదు, "ఏముంది, బాగానే ఉన్నారు" అంటారు. ఆమె తన కష్టాన్ని లెక్కలో వేసుకోరు.

పట్టిక చేతికి వచ్చాక మీకు కనిపించేది బహుశా ఇదీ: పగలు భోజనం తర్వాత చాలాసేపు ఆయన కుర్చీలో పేపరు చదువుకుంటూ ఉంటారు, అప్పుడు సాయం పెద్దగా అక్కర్లేదు. ప్రమాదమంతా రాత్రి పది నుంచి ఉదయం ఎనిమిది మధ్య ఉంటుంది. అందరూ పగటి డ్యూటీ కొంటారు, ఎందుకంటే పని చేస్తూ కనబడేది పగలే. మీ నాన్నగారు పడింది తెల్లవారుజామున. అందుకే మీ విషయంలో నా సలహా రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా 12 గంటల డ్యూటీతో మొదలుపెట్టమని. రాత్రి మాత్రలు, పడకకు చేర్చడం, మధ్యలో మూత్రానికి లేవడం, ఉదయం మొదటి మోతాదు మందు, అది పనిచేయడం మొదలయ్యాక స్నానం, బట్టలు, టిఫిన్ అన్నీ ఆ 12 గంటల్లో ఇమిడిపోతాయి. పగలు అమ్మగారికి తోడుగా వంటకో ఇంటి పనికో ఎవరైనా ఉంటే సరిపోవచ్చు. అమ్మగారు వేరే గదిలో పడుకుని రాత్రంతా నిద్రపోగలిగితే ఆమె మోకాళ్లకు, బీపీకి కూడా మేలు.

24 గంటల డ్యూటీ గురించి ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఒకే మనిషిని 24 గంటలకు పెట్టుకున్నంత మాత్రాన 24 గంటల కాపలా దొరకదు. ఆ మనిషికీ నిద్ర కావాలి. రాత్రి నాలుగుసార్లు లేపి, పగలంతా పని చేయిస్తే వారంలోనే చేతులు వణుకుతాయి, కోపం వస్తుంది, ఏదో ఒకరోజు పెద్దాయనను పట్టుకోవలసిన క్షణంలో పట్టుకోలేరు. రాత్రి ఒకటి రెండుసార్లు లేస్తే చాలనుకున్న ఇంట్లో 24 గంటల మనిషి కుదురుతారు, పగలు రెండు మూడు గంటలు కదిలించకుండా నిద్రపోనివ్వాలి. అంతకన్నా ఎక్కువసార్లు లేవవలసి వస్తే ఇద్దరు మనుషులు కావాలి, వేరే దారి లేదు. ఇద్దరి ఖర్చు భారమైతే రాత్రి లేవడాన్ని తగ్గించే మార్గం డాక్టరుతో మాట్లాడండి. మంచం పక్కనే యూరినల్ సీసా, సాయంత్రం తర్వాత నీళ్లు, టీ ఏ వేళకు ఆపాలన్నది, నీటి మాత్రలు (మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి) వాడుతుంటే వాటి వేళ మార్చవచ్చా అన్నది, వీటితో చాలా తేడా వస్తుంది.

ఇప్పుడు పార్కిన్సన్స్ గురించి. మామూలు అటెండెంట్ పని తెలిసినవాడికి కూడా ఇది విడిగా నేర్పాలి. ఆయన వాడేది సిండోపా వంటి లెవోడోపా మాత్ర అయితే దానికి వేళ ప్రాణం. డాక్టరు ఆరింటికి వేయమంటే ఆరింటికే, ఏడున్నరకు కాదు. అన్నంలో, పప్పులో, పెరుగులో ఉండే మాంసకృత్తులు ఈ మందు ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తాయి కాబట్టి సాధారణంగా భోజనానికి అరగంట ముందు ఇమ్మంటారు. మీ డాక్టరు ఏం చెప్పారో దాన్నే రాసి గోడకు అంటించండి. మందు పనిచేస్తున్నప్పుడు ఆయన దాదాపు తనంతట తానే నడుస్తారు, ప్రభావం తగ్గినప్పుడు కుర్చీలోంచి లేవలేరు. తెలియని అటెండెంట్ దీన్ని మొండితనం అనుకుంటాడు. "ఇందాక నడిచారుగా, ఇప్పుడెందుకు నడవరు?" అని విసుక్కుంటాడు. స్నానం, నడక, వ్యాయామం మందు పనిచేసే గంటల్లోనే పెట్టుకోవాలని మొదటిరోజే చెప్పాలి.

నడుస్తూ నడుస్తూ గుమ్మం దగ్గరో, మలుపు తిరిగేచోటో పాదాలు నేలకు అతుక్కుపోయినట్లు ఆగిపోతారు. మీరు రాసిన బాత్రూం గుమ్మం సంఘటన బహుశా ఇదే కావచ్చు. అప్పుడు చేయి పట్టి లాగకూడదు. లాగితే పైభాగం ముందుకు వస్తుంది, పాదాలు అక్కడే ఉంటాయి, పడతారు. పక్కన నిలబడి, "ఆగండి, ఊపిరి తీసుకోండి, ఇప్పుడు కుడికాలు పైకెత్తండి, ఒకటి, రెండు" అని లెక్క చెప్పాలి. గుమ్మం ముందు నేల మీద అడుగు దూరంలో రంగు టేపు గీతలు అంటిస్తే వాటిని దాటాలన్న ఆలోచనతో చాలామందికి కాలు కదులుతుంది. వెనక్కి తిరిగేటప్పుడు ఉన్నచోటే గిర్రున తిరగకుండా పెద్ద అర్ధచంద్రాకారంలో నడిపించాలి. పడుకున్నవాళ్లు లేచీ లేవగానే నడిస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, కాబట్టి మంచం అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చోబెట్టి, పాదాలు ఆడించాక లేపాలి. పంచె కట్టుకుని బాత్రూంకు వెళ్లే అలవాటుంటే దయచేసి మాన్పించండి. అంచు కాళ్లకు చుట్టుకుని పడినవాళ్లను చాలామందిని చూశాను. ఎలాస్టిక్ ఉన్న పైజామా, వెనక పట్టీ ఉన్న చెప్పులు వాడాలి. హవాయి చెప్పులు ఇంట్లో వద్దు. బాత్రూంకు లోపలి గడియ తీసేయండి, కమోడ్ పక్కన, షవర్ దగ్గర గోడకు పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు వేయించండి. సోప్ స్టాండ్, టవల్ రాడ్ పట్టుకుంటే అవి ఊడొస్తాయి, వాటిని నమ్మకూడదు. ఇవన్నీ చేయడానికి ప్లంబరుకు ఒక పూట చాలు, మనిషిని పెట్టడానికి ముందే చేయించండి.

తినిపించడం దగ్గర కూడా జాగ్రత్త ఉండాలి. పార్కిన్సన్స్‌లో మింగడం నెమ్మదిస్తుంది. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలు, ముందు ముద్ద మింగాకే తర్వాతి ముద్ద, టీవీ ఆపి. భోజనం మధ్యలో తరచూ దగ్గు వస్తున్నా, గొంతు బొంగురుగా తడిగా వినిపిస్తున్నా అది డాక్టరుకు చెప్పవలసిన సంగతి. ఆహారం ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా వస్తుంది. ఇంకొకటి. వాంతులని ఎవరినైనా పిలిస్తే మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ వేసే అలవాటు మన దగ్గర చాలా ఉంది. పార్కిన్సన్స్ ఉన్నవారికి ఆ మందు లక్షణాలను ఎక్కువ చేస్తుంది. నిద్రపోవడం లేదని, గొడవ చేస్తున్నారని ఇచ్చే హాలోపెరిడాల్ కూడా అంతే. ఏ మందులు ఇవ్వకూడదో మీ న్యూరాలజిస్టు (నరాల డాక్టరు) చేత రాయించి ఫ్రిజ్ మీద అంటించండి. 108లో తీసుకెళ్లినా ఆ కాగితం వెంట వెళ్లాలి.

ఇవన్నీ నేర్పేటప్పుడు నేను అన్నిటికన్నా ఎక్కువగా నొక్కి చెప్పేది, ఆయన చేయగలిగినది ఆయన చేతే చేయించమని. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఆయనకు పది నిమిషాలు పడుతుంది, అటెండెంట్ అర నిమిషంలో పెట్టేస్తాడు. రోజూ వాడే పెట్టేస్తే కొద్ది వారాల్లో ఆయనకు ఆ పని రాకుండా పోతుంది, పోయినది తిరిగి రావడం కష్టం. చకచకా అన్నీ చేసిపెట్టే కేర్‌టేకర్‌ను చూసి ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. నాకు మాత్రం గోడకు ఆనుకుని ఓపిగ్గా నిలబడి, ఆయన వేళ్లు గుండీని వెతుక్కుంటుంటే చూస్తూ, నాలుగో గుండీ దగ్గర అలసిపోయినప్పుడు మాత్రం చేయి వేసే మనిషి ఎక్కువ ఇష్టం.

అమ్మగారి అభ్యంతరాన్ని తోసిపుచ్చకండి. ఆమె ఇన్నేళ్లుగా ఆయనకు సేవ చేస్తున్నారు, మీరు మనిషిని పెడతానంటే "నీ వల్ల కావడం లేదు" అని వినిపిస్తుంది. వంటింట్లోకి ఎవరు వస్తారు, వాళ్లు ఏం తింటారు, బీరువా తాళాలు ఎక్కడ పెట్టాలి, రాత్రి తలుపు ఎవరు వేయాలి, ఇంటి సంగతులు బయట చెబుతారా, ఇవన్నీ నిజమైన దిగుళ్లే. ఆయనను స్నానానికి ఎత్తడానికి మనిషి కావాలని చెప్పండి, ఆయనను చూసుకునేది ఆమేనని కూడా చెప్పండి. ఏం తినాలి, ఏ చొక్కా వేయాలి అన్నది ఆమె నిర్ణయంగానే ఉంచండి. మగవారికి మగ అటెండెంట్ ఉంటేనే స్నానం, టాయిలెట్ దగ్గర బిడియం తగ్గుతుంది, కానీ రాత్రి కొత్త మగమనిషి ఇంట్లో ఉండడం అమ్మగారికి ఇబ్బందే. అందుకే మొదటి పదిహేను రోజులు మీ చెల్లెలు అక్కడే ఉండాలి. మొదటి రెండు రోజులు స్నానం జోలికి వెళ్లకుండా నడక, పేపరు చదివి వినిపించడం, కాళ్లకు నూనె రాయడం వరకే పెట్టుకోండి. పరిచయం కలిగాక నాన్నగారే ఒప్పుకుంటారు. భాష కూడా చూడండి. ఇప్పుడు చాలామంది అటెండెంట్లు ఒడిశా, ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వస్తున్నారు, మంచి పనివాళ్లే, కానీ పార్కిన్సన్స్‌తో గొంతు సన్నగిల్లిన మనిషి తెలుగులో గొణిగితే హిందీ మాత్రమే తెలిసినవాడికి అర్థం కాదు. శ్రీకాకుళం, విజయనగరం, మన్యం వైపు నుంచి వచ్చేవాళ్లు దొరికితే ఈ ఇబ్బంది ఉండదు.

ఏజెన్సీతో మాట్లాడేటప్పుడు రేటు కన్నా ముందు ఇవి అడగండి. మనిషి రాకపోతే ఎన్ని గంటల్లో బదులు మనిషిని పంపుతారు? రిజిస్ట్రేషన్ ఫీజు తిరిగి ఇస్తారా? మీ సూపర్‌వైజర్ ఇంటికి వచ్చి చూస్తారా, ఫోన్‌లోనే అడుగుతారా? నేను ఇచ్చే డబ్బులో పనిచేసే మనిషికి చేతికి ఎంత అందుతుంది? చివరి ప్రశ్నకు నీళ్లు నమిలేవాళ్లను నేను నమ్మను. నెలకు మీ దగ్గర 25 వేలో 30 వేలో తీసుకుని, మనిషికి అందులో సగం కూడా ఇవ్వకపోతే ఆ మనిషి ఎక్కువ ఇచ్చే ఇల్లు దొరకగానే వెళ్లిపోతాడు. ఆధార్ నకలు తీసుకుని వయసు చూడండి, 18 నిండని పిల్లలను పంపితే ఒప్పుకోకండి. ఏజెన్సీ వెరిఫికేషన్ చేశామన్నా మీరు స్థానిక పోలీస్ స్టేషన్‌లో వివరాలు ఇవ్వండి. నెలకు మించి అడ్వాన్సు ఇవ్వవద్దు.

పని ఏదో, ఏది కాదో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆయన బట్టలు, ఆయన గది, ఆయన గిన్నెలు అటెండెంట్ చూస్తాడు. ఇంటిల్లిపాది బట్టలు ఉతకడం, వచ్చినవాళ్లకు కాఫీలు పెట్టడం, సరుకులు తేవడం అతని పని కాదు. "ఎలాగూ ఖాళీగానే కూర్చున్నావుగా" అన్న ఒక్క మాటకు ఇల్లు వదిలి వెళ్లిన మంచి పనివాళ్లు ఎందరో నాకు తెలుసు. పడుకోవడానికి మంచం లేదా మడత మంచం, దోమతెర, ఫ్యాను, కడుపునిండా భోజనం, వారానికి ఒక సెలవు, ఇంటికి ఫోన్ చేసుకోవడానికి సాయంత్రం అరగంట. మీది శాకాహారుల ఇల్లయితే ముందే చెప్పండి, సెలవు రోజున అతను బయట ఏం తింటాడో మీకు అనవసరం. సెలవు రోజుకు ఎవరు వస్తారో కూడా ముందే రాసుకోవాలి.

ఆడ కేర్‌టేకర్‌ను పెట్టుకునే ఇళ్లవాళ్ల కోసం ఇది చెప్పడం నా ధర్మం. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 ప్రకారం ఇల్లు కూడా పని ప్రదేశమే, ఇంటి పనివాళ్లు కూడా ఆ చట్టం కిందికి వస్తారు. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న పెద్దాయన అసభ్యంగా చేయి వేస్తే అది జబ్బు వల్ల కావచ్చు, కానీ ఆ అమ్మాయి భరించాలని కాదు. ఆమె చెబితే వినాలి, మగ అటెండెంట్‌ను పెట్టాలి, డాక్టరుకు చెప్పాలి. నోరు మూయించకూడదు.

డబ్బు విషయంలో నియమం ఒక్కటే: ఏటీఎం కార్డు, పిన్, ఓటీపీ, సంతకం చేసిన ఖాళీ చెక్కు ఏదీ కేర్‌టేకర్ చేతికి పోకూడదు. ఇది అనుమానం కాదు, అతనికీ రక్షణే. రేపు ఏది తగ్గినా మొదట వేలెత్తేది అతని వైపే. 70 ఏళ్లు దాటినవారికి ఇంటి దగ్గరే బ్యాంకు సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే బ్యాంకులను ఆదేశించింది, మీ శాఖలో అడగండి. నాన్నగారు పెన్షనరైతే జీవన ప్రమాణ పత్రం ఫోను కెమెరాకు ముఖం చూపించి ఇంట్లోంచే ఇవ్వవచ్చు, 2021 నుంచి ఆ వీలుంది. పోస్ట్‌మ్యాన్ ఇంటికి వచ్చి కూడా చేసిపెడతారు. చిల్లర ఖర్చులకు ఒక కవరులో కొంత నగదు, దాంతోపాటు చిన్న పుస్తకం ఉంచితే చాలు.

కొందరు "చుట్టాల్లో ఎవరినైనా పెట్టుకోండి, ఇల్లు వాళ్ల పేర రాస్తామనండి" అని సలహా ఇస్తారు. అలా రాసే పరిస్థితి వస్తే, చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే స్పష్టంగా ఉండాలి. 2007 తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, ఆ షరతు మీద ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే ట్రిబ్యునల్ ద్వారా రద్దు చేయించుకోవచ్చు. షరతు రాయకుండా ప్రేమతో రాసిచ్చి తర్వాత కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లు ఉన్నారు.

ఖర్చుకు ఇన్సూరెన్స్ ఆసరా అవుతుందనుకోకండి. 70 ఏళ్లు నిండినవారందరికీ 2024లో విస్తరించిన ఆయుష్మాన్ భారత్ 5 లక్షల రూపాయల రక్షణ ఆస్పత్రిలో చేరితే పనికొస్తుంది, ఇంటి అటెండెంట్ జీతానికి కాదు. మామూలు ఆరోగ్య బీమా పాలసీలు కూడా సాధారణంగా ఇవ్వవు. మీ అంత స్తోమత లేని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను 4 వేల రూపాయలు, పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన అర్హులకు 15 వేలు ఇస్తున్నారు. గ్రామ లేదా వార్డు సచివాలయంలో అడిగితే అర్హత చెబుతారు. వృద్ధులకు సంబంధించి ఏ సందేహానికైనా, వేధింపులకైనా 14567 ఎల్డర్‌లైన్ ఉంది. ఆ నంబరు మీ అమ్మగారి ఫోనులో వేసి పెట్టండి.

మీరు డాలస్‌లో ఉండి చేయగలిగింది ఏమిటంటే, క్రమం తప్పకుండా చూడడం. దీనికి బాధ్యత ఒక్కరే తీసుకోవాలి, మీ చెల్లెలైతే బాగుంటుంది. అన్నా చెల్లీ ఇద్దరూ విడివిడిగా ఆదేశాలిస్తే అటెండెంట్ ఎవరి మాటా వినడు. ఇంట్లో ఒక నోటు పుస్తకం ఉండాలి. అందులో రోజూ మాత్రలు వేసిన వేళ, ఎంత తిన్నారు, విరేచనం అయిందా, ఎంత నడిచారు, పడబోయారా అన్నవి నాలుగు ముక్కలు రాసి, అటెండెంట్ పొద్దున వెళ్లేముందు ఫోటో పంపాలి. ఈ జబ్బులో మలబద్ధకం చాలామందికి ఉంటుంది, మూడు రోజులు దాటితే డాక్టరుకు చెప్పాలి. వీడియో కాల్ రోజూ ఒకే వేళకు చేయకండి. వారానికోసారి అమ్మగారితో అటెండెంట్ లేని పగటిపూట తీరిగ్గా మాట్లాడండి. కెమెరా పెట్టాలనుకుంటే హాల్లో మాత్రమే, అందరికీ చెప్పి పెట్టండి. పడక గదిలో, బాత్రూంలో పెట్టవద్దు, పెద్దాయనకూ మర్యాద ఉంటుంది.

ఇవి కనబడితే ఆలస్యం చేయకండి: నాన్నగారు పగలంతా మగతగా ఉండడం, పై చేతుల మీద వేళ్ల ముద్రల్లాంటి కమిలిన మచ్చలు, బరువు తగ్గడం, నడుము కింద ఎముక మీదో మడమల మీదో చర్మం ఎర్రగా మారి నొక్కినా తెల్లబడకపోవడం, అటెండెంట్ రాగానే అమ్మగారు మాట ఆపేయడం. పగటి మగతకు కారణం మందుల మోతాదు కావచ్చు, ఎవరైనా నిద్రమాత్ర వేస్తుండవచ్చు, రెండూ తేల్చుకోవాలి. ఉన్నట్టుండి ఒక్కరోజులో మాట తికమకపడితే, మనుషులను గుర్తుపట్టకపోతే దాన్ని వయసు మీదికో పార్కిన్సన్స్ మీదికో నెట్టేయకండి. చాలాసార్లు మూత్రంలో ఇన్ఫెక్షనో, ఒంట్లో నీళ్లు తగ్గడమో ఉంటుంది, అదే రోజు డాక్టరుకు చూపించాలి. గదిలో లేని మనుషులు కనిపిస్తున్నారని ఆయన అంటే వాదించవద్దని అటెండెంట్‌కు చెప్పండి. ఈ మందులతో, ఈ జబ్బుతో అది వస్తుంది. న్యూరాలజిస్టుకు చెబితే మందు సర్దుతారు.

కాబట్టి వరస ఇదీ. ఈ వారమే బాత్రూం బాగు చేయించండి. చెల్లెలు వెళ్లాక మూడు రోజుల పట్టిక రాయాలి. దాంతో న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లి, ఆ పడిపోవడం బీపీ వల్లా, మందు ప్రభావం తగ్గడం వల్లా అన్నది అడగాలి, ఇవ్వకూడని మందుల కాగితం రాయించుకోవాలి, నడక నేర్పే ఫిజియోథెరపిస్టు పేరు తీసుకోవాలి. ఆ తర్వాతే రెండు మూడు ఏజెన్సీలకు ఫోన్ చేసి రాత్రి డ్యూటీకి మగ అటెండెంట్ కావాలనండి, చెల్లెలు ఉండగానే పదిహేను రోజులు పరీక్షగా పెట్టుకోండి. పట్టిక రాశాక నాకు పంపండి. ఏ గంటలకు మనిషి తప్పనిసరో, ఏ గంటలకు డబ్బు మిగుల్చుకోవచ్చో చూసి చెబుతాను.